నెల్లూరు ఐవీఎఫ్ సెంటర్: ట్రిగ్గర్ చీటీకి మార్కులు, ప్యాకేజీకి కోత

పొగతోట వైపున్న ఈ సెంటర్లో స్కానింగ్ పొద్దున్నే చేసేస్తారు. కావలి నుంచి వచ్చేవాళ్లకు అదే సుఖం. నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలై సుమారు 8-12 రోజులు అండాలు పెరగడానికి ఇంజెక్షన్లు. 2-8 డిగ్రీల్లో ఉంచమన్నవి ఫ్రీజర్లో పెడితే పాడైపోతాయి. మన ఎండలకి ఐస్ డబ్బా తప్పదు, మందు మాత్రం ఐస్‌కి తగలకుండా గుడ్డ చుట్టాలి.

ట్రిగ్గర్ అంటే అండాలు పక్వానికి రావడానికి ఇచ్చే చివరి ఇంజెక్షన్. దాని టైము నిమిషాలతో సహా చీటీ మీద రాసిస్తారు, శభాష్. అండాలు తీసేది ఆ తర్వాత 34-36 గంటలకి. ట్రిగ్గర్ ఆలస్యమైతే అండం పక్వానికి రాదు, మరీ ముందైతే విడుదలైపోయి చేతికి చిక్కదు.

ప్యాకేజీలో పిండాల ఫ్రీజింగ్ లేదు, ఆ సంగతి అడిగితేగానీ చెప్పరు. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్ పత్రం గోడకే ఉంది.