ఇంట్లో చేసుకున్న గాలం సామాను: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

గాలం సామాను సొంతంగా చేసుకోవాలా, కొనుక్కోవాలా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. గెడ, బెండు (నీటి మీద తేలుతూ చేప ఎరని తాకిందని చూపించేది), బరువు, చేతి వల ఇంట్లో చేసుకోండి. ముల్లు, దారం కొట్లో కొనండి. మొదటి నాలుగూ మీరు గాలం వేసే నీటిని బట్టి, అక్కడి చేపని బట్టి కుదరాల్సినవి. మీ ఊరి కాలువ సంగతి మీకు తెలిసినంతగా ఏ కంపెనీకీ తెలియదు. చివరి రెండూ ఫ్యాక్టరీలో తప్ప సరిగ్గా రావు.

నా వాడకమంతా గోదావరి డెల్టాలోనే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు, వాటి కింద పంట బోదెలు, మురుగు కాలువలు, ఊరి చెరువులు. నీళ్లు నెమ్మదిగా పారతాయి, గట్టు దగ్గర గుర్రపుడెక్క అల్లుకుని ఉంటుంది, చేప పది పన్నెండు అడుగుల దూరంలోనే తిరుగుతుంది. జెల్లలు, పరిగెలు, గొరకలు, శీలావతి, అప్పుడప్పుడు బొచ్చె, గడ్డి పక్కన కొర్రమీను. ఇలాంటి చోట రీలుతో (దారం చుట్టే చక్రంతో) పెద్దగా పని పడదు. సముద్రపు ఒడ్డున వేసేవాళ్లకి ఈ సమీక్షలో సగం మాత్రమే పనికొస్తుంది.

ముందు గెడ. వెదురంతా ఒకటి కాదు. ముళ్ల వెదురు లావుగా, లోపల డొల్లగా ఉంటుంది, ఎండాక కణుపుల మధ్య చీలుతుంది. గాలానికి కావాల్సింది సాధనపు వెదురు. లోపల దాదాపు గట్టిగా ఉంటుంది, వంగుతుంది కానీ తొందరగా విరగదు. మొదలు బొటనవేలంత, కొస పెన్సిల్ కంటే సన్నగా, పొడవు పది నుంచి పన్నెండు అడుగులు ఉంటే కాలువకి చాలు. ఆ ఏడాది పుట్టిన లేత బొంగు తీసుకోవద్దు, ఎండేసరికి ముడుచుకుపోతుంది. రెండు మూడేళ్లు ముదిరినది చూసుకోండి.

వెదురుకి అసలు శత్రువు పురుగు. బొంగులో ఉండే పిండి పదార్థం కోసమే అది తొలుస్తుంది. గెడ మూల నిలబెట్టినచోట సన్నటి పసుపు పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే. వానలు వెళ్లాక, చలికాలంలో కోసిన బొంగులో పిండి తక్కువ ఉంటుంది. కోశాక రెండు మూడు వారాలు నీళ్లలో నానబెడితే ఉన్నది కూడా చాలావరకు కడుక్కుపోతుంది. నానిన గెడ కొంచెం వాసన వేస్తుంది, దానికి కంగారు పడొద్దు. తర్వాత ఎండలో పడేయకుండా, నీడలో కొసని దూలానికి కట్టి, మొదలుకి ఒక ఇటుక వేలాడదీసి ఆరనివ్వండి. ఆ బరువుకి చాలా వంకరలు వాటంతట అవే పోతాయి. మిగిలిన వంకర దగ్గర గ్యాస్ పొయ్యి మంట మీద తిప్పుతూ వేడి చేస్తే పైతోలు నూనె రాసినట్టు మెరుస్తుంది. సరిగ్గా అప్పుడే తడిగుడ్డతో పట్టుకుని వంచి, చల్లారేదాకా అలాగే ఉంచాలి. మెరుపు రాకముందే వంచితే విరుగుతుంది, వచ్చాక కూడా మంట మీదే ఉంచితే మాడుతుంది. ఇలా చేసి, కణుపులు గరుకు కాగితంతో రుద్ది, ఏడాదికి రెండుసార్లు ఆముదం పట్టించిన గెడ నా దగ్గర కొన్న ఫైబర్ గెడ కంటే ఎక్కువ కాలం ఉంది.

దారం కట్టే పద్ధతి కూడా ముఖ్యం. చాలామంది దారాన్ని గెడ కొసకి ముడేసి వదిలేస్తారు. పెద్ద చేప పడి కొస విరిగితే చేప, దారం, బెండు అన్నీ పోతాయి. దారాన్ని పిడి దగ్గర గట్టిగా కట్టి, గెడ పొడవునా చుట్టుకుంటూ తీసుకెళ్లి కొసన ఒక ముడి వేయండి. అప్పుడు కొస విరిగినా దారం చేతిలోనే ఉంటుంది.

ఫైబర్ గెడని తీసిపారేయను. మడిస్తే సంచిలో పడుతుంది, బస్సులో పట్టుకెళ్లొచ్చు. కానీ మా కాలువ ఒండ్రు దాని అతుకుల్లో చేరి, ఒక్కోసారి సాగదు, ఒక్కోసారి ముడుచుకోదు. ఇంకో మాట, ఇది ఏ గెడకైనా వర్తిస్తుంది: గట్ల మీద చాలాచోట్ల కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. కార్బన్ గెడలో కరెంటు పారుతుంది, తడిసిన వెదురుని కూడా నమ్మలేం. గెడ ఎత్తే ముందు తల పైకెత్తి చూడండి. తీగ కనిపిస్తే చోటు మార్చేయండి.

ఇక బెండు. నాకు ఈ సామాను మొత్తంలో ఇష్టమైనది ఇదే, ఎక్కువ తేడా కనిపించేదీ ఇక్కడే. జీలుగ బెండు, థర్మాకోల్, హవాయి చెప్పు ముక్క, నెమలి ఈక, నాలుగూ వాడాను. జీలుగ బెండు చాలా తేలిక, కానీ రంగు వేయకపోతే పూట గడిచేసరికి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, గోరు తగిలినా సొట్ట పడుతుంది. థర్మాకోల్ అసలు వాడొద్దు. దారం కోసుకుపోయి పూసలు పూసలుగా రాలి కాలువలో కలుస్తుంది. చెప్పు ముక్కకి చావు లేదు, బతికున్న చిన్న చేపని ఎరగా పెట్టి కొర్రమీను కోసం వేసేటప్పుడు దానికి మించింది లేదు. అయితే దానికి తేలే బలం ఎక్కువ. చిన్న చేప ఎరని లాగినప్పుడు బెండు పైకి పట్టి లాగడం నోటికి తెలిసి, అనుమానపడి వదిలేస్తుంది.

నెమలి ఈక కాడ దగ్గరే ఆగిపోయాను. రాలిన ఈకలే వాడండి, పక్షి జోలికి వెళ్లడం నేరం, అలాంటి ఈకలు అమ్మేవాళ్ల దగ్గర కొనడం కూడా తప్పే. ఈక రెండు పక్కలా ఉన్న కుచ్చుని బ్లేడుతో తీసేసి, కాడని ఆరేడు అంగుళాలు కోయండి. లోపల తెల్లటి బెండు లాంటి పదార్థం ఉంటుంది, పైన గట్టి పెంకు. కోసిన కొసలకి గోళ్ల రంగు వేస్తే నీళ్లు లోపలికి పోవు. పైకొస అంగుళం మేర ఎర్రగా వేయండి, సాయంత్రం వెలుతురులో ఆ రంగే కనిపిస్తుంది. దారానికి బిగించడానికి సైకిల్ వాల్వు రబ్బరు చిన్న ముక్కలు రెండు కోసి, కాడకి కిందొకటి పైనొకటి తొడిగి, దారాన్ని వాటి కిందుగా పోనివ్వండి. లోతు మార్చాలంటే వేళ్లతో జరిపితే చాలు, ముడి విప్పే పని లేదు. ఆ రబ్బరు ఎండకి పగుళ్లిస్తుంది కాబట్టి జేబులో నాలుగు ముక్కలు అదనంగా ఉంచుకోండి.

బరువు వేసేటప్పుడు ఎర్ర కొస అర అంగుళం మాత్రమే నీటి పైన నిలిచేలా చూసుకోవాలి. అలా కుదిరిన కాడ నీటి కింద జరిగేదంతా చెబుతుంది. పరిగె అయితే టకటకా కొడుతుంది. గొరక ఒక్క ఊపున ముంచేస్తుంది. జెల్ల పక్కకి ఈడ్చుకుపోతుంది. శీలావతి ఎరని నేల మీంచి నోట పట్టి తల ఎత్తితే, దాంతోపాటు బరువూ లేస్తుంది, కాడ మునగడానికి బదులు పైకి లేచి నీళ్ల మీద పడుకుంటుంది. కొత్తవాళ్లు బెండు మునగాలనే చూస్తూ ఆ క్షణాన్ని వదిలేస్తారు. పడుకుంటే వెంటనే లాగండి.

బరువుకి అందరూ సీసమే వాడతారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఇంట్లో పొయ్యి మీద కరిగించేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని మానేయండి. ఆ పొగ, ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఒంట్లో చేరితే తీసేయడం చాలా కష్టం. పాత బ్యాటరీ పగలగొట్టి సీసం తీయడం ఇంకా ప్రమాదం, అందులో యాసిడ్ కూడా ఉంటుంది. సీసం గుళ్లని పంటితో నొక్కి దారానికి బిగించే అలవాటు మా వైపు బాగా ఉంది, అదీ మంచిది కాదు. బ్రిటన్‌లో హంసలు ఆ గుళ్లు మింగి చనిపోతున్నాయని 1987లో చిన్న సీసం బరువుల అమ్మకాన్ని ఆపేశారు. మన చెరువుల్లో బాతులు, కొంగలు మేసేదీ అదే బురదలో. నేను చిన్న ఇనప నట్లు వాడతాను. అదే బరువుకి సీసం కంటే సైజు ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది, నెమ్మది నీళ్లలో దానివల్ల నష్టం లేదు. లాకుల దగ్గర ఉరవడి ఉన్నచోట మాత్రం మెకానిక్ షెడ్లో పారేసిన స్పార్క్ ప్లగ్ కడతాను. పొడుగ్గా ఉంటుంది కాబట్టి రాళ్ల సందున ఇరుక్కున్నా తరచుగా జారి వచ్చేస్తుంది.

ముల్లు విషయంలో రాజీ పడొద్దు. గుండుసూది, పిన్నీసు వంచి చేసినది పరిగెకి సరిపోతుంది, అరకిలో జెల్ల పడితే తెరుచుకుంటుంది. మంచి ముల్లు తీగ కార్బన్ ఉక్కు. దాన్ని బాగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు, దాంతో పెళుసవుతుంది కాబట్టి మళ్లీ కొంచెం వేడిచేసి ఆ పెళుసుతనం తగ్గిస్తారు. మొదటిది మాత్రమే చేస్తే విరుగుతుంది, రెండూ చేయకపోతే వంగుతుంది. ఆ వేడి లెక్క ఇంటి పొయ్యి మీద దొరకదు. నార్వే వాళ్ల ముస్టాడ్ ముళ్లు ఎప్పటినుంచో మన జాలరుల దగ్గర చూస్తున్నాం, ఆ కంపెనీ 1832 నాటిది. ఏ కంపెనీ అయినా నంబరు చూసి కొనండి: నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, ఒకటి దాటాక 1/0, 2/0 అని రాసినవి మళ్లీ పెద్దవవుతూ పోతాయి. పరిగె, గొరకలకి 10 లేదా 8, జెల్లలకి 6 లేదా 4, కొర్రమీనుకి 1/0 పైన.

దారం కూడా అంతే. పాత వల విప్పి తీసిన నైలాన్ పైకి బాగానే కనిపిస్తుంది. ఎండలో చాలాకాలం ఉన్న నైలాన్ మెరుపు పోయి సుద్ద రాసినట్టు ఉంటుంది, చేత్తో లాగితే పుటుక్కున తెగుతుంది. కొత్త దారమే అయినా ముల్లు దగ్గరి రెండడుగులు తరచుగా కోసి మళ్లీ కట్టుకోండి. కోసిన ముక్కని గట్టు మీద వదలొద్దు, కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది.

రీలు లేనివాళ్లు లీటరు ప్లాస్టిక్ సీసాకి దారం చుట్టి, మూతవైపు ముందుకి పెట్టి విసురుతారు. పనిచేస్తుంది, దూరం కూడా పోతుంది. గొడవంతా మెలికలతో. సీసాని తిప్పుతూ చుట్టి, విసిరేటప్పుడు మూతవైపు నుంచి వదిలితే ఒక్కో చుట్టుకి ఒక్కో మెలి పడుతుంది, నాలుగు విసుర్లకే దారం ముడులు పడుతుంది. సీసాని కదలకుండా పట్టుకుని, దారాన్నే చేత్తో దాని చుట్టూ తిప్పండి. అప్పుడు చుట్టేటప్పుడు పడిన మెలి వదిలేటప్పుడు విడిపోతుంది. చూపుడు వేలికి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కోండి. పెద్ద చేప లాగితే తడి దారం వేలిని కోసేస్తుంది.

కొర్రమీను కోసం చేసుకునే ఉత్తుత్తి ఎరల గురించి కొంచెం చెప్పాలి. స్టీలు స్పూను కాడ కోసి, రెండు చివర్లా బెజ్జాలు కొట్టి, ముల్లు తగిలించి వేస్తే తేటనీటి చెరువులో బాగానే మెరుస్తుంది. మా కాలువలో గుర్రపుడెక్కకి తగులుకుని విసుగు తెప్పిస్తుంది. అక్కడ చెప్పు ముక్కతో చేసిన కప్పే మేలు. బొటనవేలంత ముక్కని ముందు సన్నగా, వెనక గుండ్రంగా చెక్కి, జంట ముల్లుని మధ్యలోంచి దూర్చి, రెండు మొనలూ పైకి తిరిగి ఒంటికి ఆనుకునేలా పెట్టండి. వెనకవైపు చిన్న ఇనప మేకు దింపితే తోక కొంచెం మునిగి నిజం కప్పలా కూర్చుంటుంది. రెండు రబ్బరు దారాలు కాళ్లుగా వదిలితే చాలు. ఆకుల మీంచి జారి మధ్యలో ఉన్న నీటి గుంటలోకి దిగగానే కొర్రమీను కొడుతుంది. కొట్టగానే లాగితే నోట్లోంచి ఊడి వస్తుంది, మూడు లెక్కపెట్టి లాగండి.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కాబట్టి దాని చోటు కనిపెట్టడం తేలిక. ఆ తేలికే దానికి ముప్పు. వానాకాలంలో నీటి పైన ఎర్రటి చిన్న పిల్లల గుంపు కదులుతుంటే కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఏది దగ్గరికొచ్చినా కొడతాయి, ఎరే అక్కర్లేదు. అప్పుడు వేయొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లల గుంపుని మిగతా చేపలు గంటల్లో తినేస్తాయి. తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్నది దీన్నే, మనం కూడా ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

చేతి వలకి సెంట్రింగులో మిగిలిన 6 ఎంఎం ఊచని గుండ్రంగా వంచి, వెదురు పిడికి కట్టాను. దోమతెర గుడ్డ నీళ్లలో బరువుగా ఈడుస్తుంది, ఉల్లిపాయల సంచి గరుకుగా ఉండి పొలుసులు రాల్చేస్తుంది. జాలరుల దగ్గర అడిగి తెచ్చిన పాత వల ముక్కే అన్నిటికంటే నయం.

చివరగా సీసా ఉచ్చు. రెండు లీటర్ల సీసా మెడభాగం కోసి, తిరగేసి లోపలికి దూర్చి కుడితే చిన్న పరిగెలు లోపలికి వెళ్తాయి, బయటికి దారి తెలియదు. మన వెదురు మావు, అంటే చేపలు పట్టే అల్లిక బుట్ట, పనిచేసేదీ ఈ సూత్రం మీదే. అయితే మావు సందుల్లోంచి నీళ్లు ధారాళంగా పారతాయి, సీసాలో పారవు. లోతు తక్కువచోట ఎండకి లోపలి నీళ్లు వేడెక్కి, గాలి చాలక చేపలు చచ్చిపోతాయి. కాల్చిన మేకుతో ఒళ్లంతా బెజ్జాలు కొట్టి, నీడలో పెట్టి, గట్టు మీది చెట్టుకి తాడు కట్టి, ఆ పూటే తీసేయండి. ఎర కోసం పిల్ల చేపలు కావాలంటే ఇది చాలు. కూరకి కావాలంటే మావు అల్లేవాళ్ల దగ్గర కొనండి, డబ్బుకి తగిన సరుకు.