ఊరి పేరా, ఏటి పేరా: పెద్దవాళ్ల గుర్తుగా బిడ్డకు ఏది మేలు?

తాతయ్య గుర్తుగా బిడ్డకు పేరు పెట్టాలని ఉంటుంది. కానీ ఆయన పేరు నేరుగా పెట్టడానికి మనసొప్పదు. మరీ పాతగా ఉందనో, ఇంట్లో ఇద్దరికి ఇప్పటికే ఉందనో, ఆ పేరుతో బిడ్డను కసరడానికి నోరు రాదనో ఏదో ఒకటి అడ్డొస్తుంది. అప్పుడు ఆయన బతికిన చోటు పేరు పెడదామనే ఆలోచన వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన ఇది. అయితే ఆ ఊరి పేరే పెట్టాలా, దాని నుంచి పుట్టిన పేరా, పక్కన పారే ఏటి పేరా అన్నది కొంచెం కూర్చుని తేల్చుకోవాలి.

ఒకే ఇంట్లో రెండు దారులూ చూడాలంటే నర్సుగా పేరుపొందిన ఫ్లోరెన్స్ నైటింగేల్, ఆమె అక్క ఉన్నారు. పెద్దమ్మాయి 1819లో ఇటలీలోని నేపుల్స్‌లో పుట్టింది, చిన్నమ్మాయి 1820లో అదే దేశంలోని ఫ్లోరెన్స్‌లో. వీళ్లవి పుట్టిన ఊళ్ల పేర్లే గానీ బంధువుల గుర్తుగా పెట్టినవి కావు. చిన్నమ్మాయికి ఊరి పేరే పెట్టారు. పెద్దమ్మాయికి మాత్రం నేపుల్స్ ఉన్న చోట పూర్వం వెలసిన గ్రీకు ఊరి పేరు, పార్థెనోపి అని పెట్టారు. ఇంట్లో వాళ్లకే అది పొడుగైపోయి పార్థి అని పిలిచేవారు. ఫ్లోరెన్స్ పేరేమో, ఆమె చేసిన సేవ వల్ల, ఎందరో ఆడపిల్లలకు పేరైంది. వేరు ఎంత లోతైనదైనా నోటికి తిరగని పేరు నిలవదని పార్థెనోపిని చూస్తే తెలుస్తుంది.

ఊరి పేరు నేరుగా పెట్టడంలో గొప్ప సుఖం ఉంది. వినగానే అర్థమవుతుంది, తాతయ్యకు కూడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. కానీ ఊరు ఎవరి చేతిలోనూ ఉండదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెట్రోగ్రాడ్ అయింది, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది, 1991లో మళ్లీ పాత పేరుకే వచ్చింది. ఊరు ఏదో ఘోరంతో వార్తల్లోకెక్కితే బిడ్డ పేరు విన్న ప్రతివాళ్లకూ అదే గుర్తొస్తుంది. పైగా ఇంటిపేరు కూడా ఊరి నుంచే వచ్చిందైతే పిలుపు రైలు టికెట్‌లా ఉంటుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నట్టు.

ఊరి నుంచి, దేశం నుంచి పుట్టిన పేర్లు మనకు కొత్త కాదు. విదేహ నుంచి వైదేహి, మిథిల నుంచి మైథిలి, పాంచాల నుంచి పాంచాలి. విదేహ రాజ్యం ఈనాటి మ్యాపులో లేదు, వైదేహి అని మాత్రం ఇప్పటికీ పిలుస్తున్నాం. అందుకే నాకు ఈ రకం మీద మమకారం ఎక్కువ. కానీ కేకయ నుంచి వచ్చిన కైకేయి పేరు పెట్టుకునేవాళ్లు అరుదు. పేరు వెనక కథ ఉంటే అదీ వెంట వస్తుంది. ఈ కాలపు ఊళ్లన్నిటికీ ఇలా చక్కటి రూపం పుట్టించలేం కూడా. బలవంతంగా అల్లితే అది ఎవరికీ అర్థంకాని పేరై కూర్చుంటుంది.

అసలు చిక్కు అంతకన్నా ముందు ఉంది. ఏ చోటు? మా ఇంట్లో పాపకు పేరు వెతికినప్పుడు తాతయ్య పుట్టిన ఊరే అందరికీ తట్టింది. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది. చిన్నప్పుడే తండ్రి పోయి, ఉన్నదంతా వదులుకుని బయటపడిన ఊరు అది. ఆయన సంతోషంగా చెప్పుకునేది మొదటి ఉద్యోగం చేసిన ఊరి గురించి, సాయంత్రం పూట అక్కడి నది ఒడ్డున కూర్చోవడం గురించి. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు, అడగలేదు కాబట్టి. పెద్దవాళ్లు ఉన్నంతలో అడగండి. లేరంటే వాళ్ల స్నేహితులను అడగండి, పాత ఉత్తరాలు చూడండి. పుట్టిన తేదీ కాగితంలో ఉన్న ఊరే వాళ్ల మనసులో ఊరు కానక్కర్లేదు.

తాతయ్య మొదటి ఉద్యోగం చేసిన ఆ ఊరి పేరు ఆడపిల్లకు అసలు నప్పదు. అక్కడి నది పేరు నర్మద. అమరకంటక్‌లో పుట్టి, దాదాపు 1,312 కిలోమీటర్లు పారి అరేబియా సముద్రంలో కలిసే నది, మరి అది ఆ ఒక్క ఊరిదే అని ఎలా అంటాం? ఏటి పేరులో లోటు ఇదే. తాతయ్య సంగతి ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. కానీ ఒక్కసారి వింటే టీచర్ తప్పులేకుండా రాసుకుంటుంది, పిల్ల పెద్దయ్యాక ఎక్కడున్నా పేరు చెప్పుకోవడానికి ఇబ్బంది పడదు. మగపిల్లాడైతే కొండ పేర్లు చూడొచ్చు, కైలాష్ లాంటివి.

ఊరి పేరు మీదే మనసుంటే దాన్ని రెండో పేరుగా పెట్టండి, రోజూ పిలిచేది వేరే ఉంచండి. నేను మాత్రం ఏటి పేరుకే ఓటేస్తాను, ఒక్క షరతుతో. పేరు ఖాయమైన రోజే, అది ఎందుకు పెట్టామో తాతయ్య చేతే రాయించి బర్త్ సర్టిఫికెట్‌తో పాటు దాచాలి. మా తాతయ్య ఒక పేజీ అడిగితే నాలుగు రాశారు.