ముంపులో మునిగిన ఎజ్డీకి రోడ్‌కింగ్ సైలెన్సర్లు: ఏడాది పైన వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, సైలెన్సర్లు బాగున్నాయి. వాటిని బిగించడానికి పడ్డ పాట్లే బాగోలేవు. బండి మా నాన్నది, 1979 ఎజ్డీ 250 మోటారుసైకిల్. అదే కంపెనీ తెచ్చిన రోడ్‌కింగ్ మోడల్ కాదు, మైసూరు ఫ్యాక్టరీలో అంతకు ముందు జావా పేరుతో చేసిన బండినే పేరు మార్చి అమ్మిన పాత రకం. రోడ్‌కింగ్ 1978లోనే వచ్చింది కదా, దాన్ని ఎందుకు తీసుకోలేదని అడిగితే "అది కుర్రాళ్ల బండిరా, నాకు అప్పటికే పెళ్లయింది" అంటారు. ఇప్పుడు ఆ కుర్రాళ్ల బండి సైలెన్సర్లే ఈ పెళ్లయిన బండికి తగిలించి తిరుగుతున్నాం.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మేం మేడెక్కాం, బండిని ఎక్కించలేకపోయాం. ఆరు రోజులు ట్యాంకు దాకా నీళ్లలోనే ఉంది. ఇంజను విప్పించి, బేరింగులు మార్పించి, కాయిళ్లు ఆరబెట్టి నవంబరుకి స్టార్ట్ చేయగలిగాం, అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు. సైలెన్సర్లు మాత్రం పైకి చూస్తే నిక్షేపంలా ఉన్నాయి, గుడ్డతో తుడిస్తే మొహం కనిపించింది. తల పైకెత్తి నిలబెడితే తోకలోంచి కాఫీ డికాక్షన్‌లా నల్లటి నీళ్లు కారాయి, సరే పోయాయిలే అనుకున్నాం. అదే తప్పు. లోపల నలభై ఏళ్లుగా పేరుకున్న నూనె మసి ఉంటుంది, అది స్పాంజిలాగా తడిని పట్టుకుని కూర్చుంది. సంక్రాంతి వచ్చేసరికి రెండు సైలెన్సర్ల కిందివైపు సూది రంధ్రాలు, వాటిలోంచి పొగ, పొగతో పాటు జిడ్డు, ఆ జిడ్డు నా ప్యాంటు మీద.

ఈ బండి తెలియని వాళ్ల కోసం ఒక మాట. సిగ్నల్ దగ్గర ఆగితే ఎవరో ఒకరు "రెండు సిలిండర్లా అన్నా?" అని అడుగుతారు. కాదు, సిలిండరు ఒకటే, దానికి పొగ బయటికి పోయే దారులు రెండు, అందుకే సిలిండరు నుంచి సైలెన్సర్ దాకా వంగి వెళ్లే బెండు పైపులు రెండు, సైలెన్సర్లు రెండు. టూ స్ట్రోక్, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్తే ఒక విడత పని అయిపోయే ఇంజను. పెట్రోల్లో లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె) కలిపి పోస్తాం, ఆ ఆయిల్లో కాలనిది కాలనట్టే వెళ్లి సైలెన్సర్లో తిష్ఠ వేస్తుంది. ఇంకోటి, ఫోర్ స్ట్రోక్ బండిలా దీనికి పొగదారి మూసే వాల్వు లేదు. పిస్టన్ పైకి వచ్చి దారి మూసేలోపు కొత్తగా వచ్చిన పెట్రోలు గాలి కూడా కొంత పొగతో పాటు జారిపోబోతుంది, సైలెన్సర్ నుంచి వెనక్కి వచ్చే ఒత్తిడి దాన్ని కొంత లోపలికి నెడుతుంది. అంటే ఇక్కడ సైలెన్సర్ చప్పుడు తగ్గించడానికి మాత్రమే కాదు, ఒక రకంగా ఇంజనులో భాగమే. ఇది నాకు మొదట్లో తెలియదు, తెలిసి ఉంటే కాపీ సరుకు మీద 5,500 తగలేసేవాణ్ణి కాదు.

అవును, మొదట కొన్నది కాపీ జత. దానికన్నా ముందు అతుకులు వేయించాం, కానీ రేకు ఎంత పలచబడిందంటే వెల్డింగ్ రాడ్డు తగలగానే రంధ్రం పెద్దదయ్యేది, మేస్త్రీయే దండం పెట్టేశాడు. కాపీ జత పార్సిల్లో వచ్చింది, తళతళలాడుతోంది, మా బండి మోడల్‌కే అని రాసి ఉంది. బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. చప్పుడు మాత్రం ఖాళీ నూనె డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు. నాన్న గేటు దగ్గర నిలబడి విని "ఇది మన బండి కాదురా" అని లోపలికి వెళ్లిపోయారు. రెండో నెలలో బెండు దగ్గర ప్లేటింగు నీలంగా మారింది, నాలుగో నెలలో పొక్కులు లేచాయి. అన్నిటికన్నా పెద్ద లోపం, తోకలో ఉండే బ్యాఫిల్, అదే లోపలి గొట్టం, అది విప్పి కడుక్కునేలా ఉండాలి, వీళ్లు దాన్ని వెల్డింగ్ చేసి పారేశారు. టూ స్ట్రోక్ బండికి విప్పడానికి రాని బ్యాఫిల్ అంటే మూత రాని ఊరగాయ జాడీ.

అప్పుడు మా మెకానిక్ బాబాయ్ అన్నాడు, పాత రోడ్‌కింగ్‌వి ఒరిజినల్ దొరికితే వేసేద్దాం, రేకు మందం, లోపల పని బాగుంటుంది అని. ఆ ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి ఒరిజినల్ అంటే ఎంత లేదన్నా ముప్పై ఏళ్ల సరుకే. జవహర్ ఆటోనగర్లో మూడు ఆదివారాలు తిరిగాను. అక్కడ లారీ ఛాసిస్ మొదలుకొని ఏదడిగినా ఉంటుంది కానీ ఎజ్డీ అనగానే "ఇంకా తిరుగుతోందా?" అని ఎదురు ప్రశ్న. చివరికి ఒక పాత ఇనుము కొట్టులో ఎడమది దొరికింది, చిన్న సొట్ట, 1,800. కుడిది గుంటూరులో ఒకాయన ఇంట్లో, రోడ్‌కింగ్ అమ్మేసి ఆ ఒక్కటీ ఎందుకో ఉంచుకున్నాడట, 2,500 తీసుకుని టీ కూడా ఇచ్చాడు. కొనేటప్పుడు నేను చూసినవి: చేత్తో పట్టుకుంటే బరువు తెలియాలి, గోటితో కొడితే మొద్దు చప్పుడు రావాలి, తోక బోల్టు తిప్పితే బ్యాఫిల్ కదలాలి. పైన ప్లేటింగు ఎలా ఉందో నేను పట్టించుకోలేదు, మీరూ పట్టించుకోకండి. తుప్పు పైన ఉంటే కనిపిస్తుంది, మాకు తగిలిన దెబ్బ లోపలిది.

బిగించే సంగతికి వద్దాం. ఒకే కంపెనీ కదా, అచ్చంగా కూర్చుంటాయి అనుకున్నాను. నా బండికి కూర్చోలేదు. బెండు పైపు మూతి సైలెన్సర్లోకి లూజుగా పోయింది, వెనక ఫుట్‌రెస్ట్ దగ్గర సైలెన్సర్‌ను పట్టి ఉంచే పట్టీ బోల్టు రంధ్రం దాదాపు ముప్పావు అంగుళం వెనక్కి పడింది. చాలామంది ఇక్కడ సైలెన్సర్‌ను బలంగా లాగి బోల్టు వేసేస్తారు, వద్దు, అలా వేస్తే ఆ లాగుడంతా వెళ్లి సిలిండరు దగ్గర నట్టు మీద పడుతుంది. మేం రెండు కొత్త పట్టీలు కోయించాం, ఐదు మిల్లీమీటర్ల పట్టా ముక్కలు, అట్టముక్క మీద అచ్చు గీసి ఇస్తే ఆటోనగర్లో వెల్డింగ్ కొట్టు అబ్బాయి సాయంత్రానికి ఇచ్చాడు. లూజుకి లేత్ మీద రెండు పలచటి రింగులు తిప్పించి, వాటి మీద వేడిని తట్టుకునే తాడు చుట్టి క్లాంపు వేశాం. రింగులు, పట్టీలు, రబ్బరు బుష్‌లు, మెకానిక్ కూలీ అన్నీ కలిపి 3,900 అయింది. సైలెన్సర్ల ధర 4,300. అంటే సరుకు ఎంతో బిగింపు కూడా ఇంచుమించు అంత, లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

బెండు పైపును సిలిండరుకి బిగించే రెక్కల నట్టు గురించి గట్టిగా చెప్పాలి. దాన్ని తిప్పడానికి కొక్కెంలా ఉండే స్పానర్ ఉంటుంది. అది లేదని ఉలి, సుత్తి పెట్టి కొట్టారో, రెక్క విరగడం సంగతి అలా ఉంచండి, సిలిండరు మీద మర పోతుంది. మర పోతే సైలెన్సర్ ఖర్చు మర్చిపోవచ్చు. బిగించాక ఒక పది కిలోమీటర్లు తిప్పి ఇంజను వేడిగా ఉండగానే ఇంకోసారి బిగించాలి, మర్నాడు మళ్లీ చూడాలి. మాది మొదటి రోజే పావు చుట్టు వదులైంది.

ఇక చప్పుడు. స్టార్ట్ చేసిన రోజు నాన్నను పిలవలేదు, కాపీ జత నాటి అవమానం ఇంకా మర్చిపోలేదు. ఆయనే వచ్చారు. ఎజ్డీ ఐడిల్లో ఒక దెబ్బ కొట్టి ఒకటి మింగేస్తూ నడుస్తుంది, ఆ మింగేయడం ఈ సైలెన్సర్లలో వినిపించింది. పాత గొంతు కంటే కాస్త కరుకు. నాన్న కుడి వైపు ఒక్క నిమిషం, ఎడమ వైపు ఒక్క నిమిషం నిలబడి "ఎడమది బొంగురు" అన్నారు. సొట్ట వల్ల అనుకున్నాను, కాదు. ఎడమ బ్యాఫిల్ చివర ఎవరో ఎప్పుడో కోసేశారు, కుడి దానికంటే రెండంగుళాలు పొట్టి. బ్యాఫిల్ ఒకటి కొత్తగా చేయించాల్సి వచ్చింది, కుడి దాన్ని నమూనాగా పెట్టి, రంధ్రాలు కూడా లెక్కపెట్టి. వేరువేరు చోట్ల రెండు కొంటే ఈ బాధ తప్పదు, ముందే రెండు బ్యాఫిళ్లు పక్కపక్కన పెట్టి కొలుచుకోండి.

సైలెన్సర్ మార్చినా కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు ఇచ్చేది) ముట్టుకోకుండా నడపవచ్చు అని కొందరు చెబుతారు. నా బండిలో వారం తిప్పి స్పార్క్ ప్లగ్గు తీస్తే దాని కొన దగ్గరి పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంది, అంటే పెట్రోలు చాలడం లేదు, అలాగే ఎండాకాలంలో హైవే ఎక్కితే పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటర్లో పెట్రోలు కొలిచే సూది, అదే నీడిల్, దాని క్లిప్పు ఒక గాడి కిందికి దించాం, అంటే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. పెట్రోలు వచ్చే చిన్న రంధ్రపు ముక్క, మెయిన్ జెట్ కూడా ఒక నంబరు పెద్దది వేశాం. ఇప్పుడు ప్లగ్గు బిస్కెట్ రంగు. మైలేజీ మునుపు 30 ఇచ్చేది, ఇప్పుడు 28, దానికి నాకు బాధ లేదు.

ఒక తిక్క పని కూడా ఒప్పుకోవాలి. ఎడమ బ్యాఫిల్ తయారయ్యేలోపు కుడిది కూడా పీకేసి మూడు రోజులు తిరిగాను. బెంజ్ సర్కిల్ దగ్గర అందరూ తిరిగి చూశారు, బాగానే ఉంది అనుకున్నాను. ఆదివారం కొండవీడు ఘాట్ ఎక్కితే బండారం బయటపడింది, రెండో గేరులో వంపు తిరిగి మళ్లీ యాక్సిలరేటర్ ఇస్తే బండికి ఊపిరి లేదు, అరుపే తప్ప లాగుడు లేదు. బ్యాఫిళ్లు వేశాక అదే ఘాట్, అదే వంపు, అదే గేరు, పాటలా ఎక్కింది. పైగా చప్పుడు చేసే బండికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద జరిమానా 10,000 దాకా ఉంది. పేపర్లో రోడ్డు రోలర్ కింద సైలెన్సర్లు నలిపే ఫోటోలు చూసే ఉంటారు, ఆ వరసలో ఎజ్డీది కనిపిస్తే నేను తట్టుకోలేను.

ఏడాది దాటింది, దాదాపు ఏడు వేల కిలోమీటర్లు తిరిగాను, ఎక్కువగా మంగళగిరి, గుంటూరు, వారం వారం ఉండవల్లి దాకా. రేకుకి ఏమీ కాలేదు. కుడి క్లాంపు దగ్గర మాత్రం జిడ్డు కొంచెం ఊరుతూనే ఉంది, రెండుసార్లు తాడు మార్చినా పూర్తిగా ఆగలేదు. ఒకసారి మంగళగిరి దాటాక వెనక చక్రం పంక్చర్ అయింది, ఇరుసు బయటికి లాగబోతే కుడి సైలెన్సర్ తోక అడ్డం. పట్టీ బోల్టు వదులు చేసి సైలెన్సర్‌ను కిందికి వంచితే తప్ప రాలేదు, కాలుతున్న సైలెన్సర్‌ను. అప్పటి నుంచి ఆ బోల్టుకి సరిపోయే స్పానరు, ఒక పాత గోనె ముక్క సీటు కింద ఉంటున్నాయి. పట్టీ ఇంకో అరంగుళం కిందికి కోయించి ఉంటే సరిపోయేది, మీరు చేయిస్తే ఇరుసు లాగి చూసుకుని కోయించండి.

మూడు వేల కిలోమీటర్లకోసారి బ్యాఫిళ్లు తీసి కడుగుతున్నాను. పాత ఇనుప బకెట్లో నీళ్లు పోసి అందులో కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. రాత్రంతా నానబెడితే మసి పొరలుగా ఊడుతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం ముక్క ఏదీ అందులో వేయకండి, తినేస్తుంది. కడిగిన రోజు బండి చప్పుడులో తేడా మా అమ్మకి కూడా తెలుస్తుంది.

ఎవరికి వద్దు అంటే, బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే పెట్టుకుని పోటీలకు తీసుకెళ్లేవాళ్లకి వద్దు, ఒక్క చూపులో పట్టేస్తారు. రోజూ తొక్కేవాళ్లకి, ఒరిజినల్ బ్యాఫిల్‌తో రోడ్‌కింగ్ జత దొరికితే కాపీ జోలికి పోవద్దనే నా సలహా. మా కుళ్లిపోయిన పాత జత అటక మీద ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. మాకు ఆ 50 ఏళ్లు 2029లో నిండుతాయి. సైలెన్సర్‌ను వాళ్లు మార్పు కింద లెక్కేసినా వేయకపోయినా, అప్పటికి ఆ పాత రేకు కొలతలతోనే కొత్తవి చేయిస్తానని నాన్న పట్టుదల. మొన్న ఇనుప సామాను వాడు వీధిలోకి వస్తే అమ్మ అటక వైపు చూసింది, నాన్న వెళ్లి గేటు గడియ పెట్టి వచ్చారు.