తాతయ్య నోటుపుస్తకాలు, ఎడిటర్ పెన్సిల్ ప్రశ్నలు

తాతయ్య జ్ఞాపకాలను అచ్చు వేయించాలనుకున్నప్పుడు, ఘోస్ట్ రైటర్ చేత కొత్తగా రాయించమని కొందరు సలహా ఇచ్చారు. ఆయన మాటతీరు పోతుందని ఒప్పుకోక, చిక్కడపల్లిలో ఇంటి నుంచే పనిచేసే ఒక ఎడిటర్‌కు అప్పగించాం. పేజీకి ఇంత, సగం ముందు అనే బేరం అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచింది మార్జిన్లలో ఆమె వేసిన ప్రశ్నల గురించి.

తాతయ్య నిజాం కాలంలో తహసీల్ కచేరీ గుమాస్తా. '1352లో కొలువులో చేరాను' అని రాసుకున్నారు. టైపు చేసినవారు అది తప్పనుకుని 1952 చేశారు. పక్క వాక్యంలోని 'ఆజుర్ నెల' దగ్గర ఎడిటర్ ఆగిపోయారు. "ఇది ఫసలీ నెల కదండీ, చేతిరాత ప్రతి చూపిస్తారా?" అని అడిగారు. ఫసలీ అంటే నిజాం సర్కారు లెక్కల్లో వాడిన సంవత్సరం. హైదరాబాద్ ఫసలీలో ఆజుర్ అక్టోబరులో మొదలవుతుంది, ఆ నెలకు ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 590 కలపాలి. అంటే ఆయన చేరింది 1942లో! 1948 సెప్టెంబరు పోలీసు చర్య రోజుల్లో కచేరీ దస్త్రాలకు కాపలా ఉన్నానన్న అధ్యాయం అప్పటిదాకా ఎక్కడా అతకలేదు. ఆ అంకె సరిచేయగానే కుదిరిపోయింది.

మొదటి జీతం ఒకచోట 35, మరోచోట 30 అని ఉంది. ఆమె ప్రశ్న ఒక్కటే: "హాలీయా, కల్దారా?" హాలీ నిజాం రూపాయి, కల్దార్ బ్రిటిష్ ఇండియా రూపాయి. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. రెండు అంకెలూ సరైనవే. ఆ రోజు మా మేనత్త ఎంత సంతోషపడిందో!

అప్పట్లో అడిగినవారికల్లా ఆమె పేరే చెప్పాను. ఇప్పుడు ఒక మాట కలిపి చెబుతాను. తాతయ్య రాసిన 'మునాసిబ్', 'దర్యాఫ్తు' తొలి ప్రతిలో 'ఉచితం', 'విచారణ' అయిపోయాయి. మేం పట్టుబడితే తిరిగి పెట్టారు. అంకెల దగ్గర అంతగా ఆరా తీసిన మనిషి, మాటలు మార్చేముందు ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ కొరుకుడుపడదు. పైగా తాతయ్య శతజయంతి సభకు పుస్తకం అందనేలేదు.

మా దగ్గర చేతిరాత ప్రతులు భద్రంగా ఉన్నాయి, అడిగితే చెప్పే మేనత్త ఉంది. అవి లేని ఇంటికి ఆ ప్రశ్నలు ఎంతవరకు ఉపయోగపడతాయో చెప్పలేను. నవల రాసేవారి అవసరాలు వేరు. నాన్నగారి ఉత్తరాల కట్ట మాత్రం ఆమెకే ఇస్తాను, గడువు పెట్టకుండా. మొదటి పది ఉత్తరాలు దిద్ది చూపించాకే మిగతావి.