తెలంగాణలో నర్సు ఉద్యోగం: రెగ్యులరా, కాంట్రాక్టా?

పని చూస్తే తేడా తెలియదు. అదే వార్డు, అదే నైట్ డ్యూటీ, రెండింటికీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తేడా అంతా జీతం, సెలవులు, భద్రతల్లోనే.

రెగ్యులర్ నర్సింగ్ ఆఫీసర్‌కు 2022 నియామక నోటిఫికేషన్‌లో చూపిన నెల జీతం స్కేలు రూ.36,750 నుంచి రూ.1,06,990. దీనికి డీఏ (కరవు భత్యం), హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం, ఏటా ఇంక్రిమెంటు ఉంటుంది, పీఆర్సీ (వేతన సవరణ) వస్తే స్కేలే మారుతుంది. కాంట్రాక్టులో ఒకే మొత్తం చేతికొస్తుంది, అది పెరగాలంటే ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. ఏటా రెన్యువల్ టెన్షన్ సరేసరి.

రెగ్యులర్ వాళ్లకు ప్రసూతి సెలవు 180 రోజులు, ఆపైన పిల్లల సంరక్షణ సెలవు 90 రోజులు. నన్నడిగితే, చంటిబిడ్డ ఉన్న నర్సుకు జీతం తేడా కన్నా ఈ 90 రోజులే ఎక్కువ విలువైనవి. పెన్షన్ మాత్రం మరీ ఊహించుకోవద్దు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు వర్తించేది సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం. బేసిక్, డీఏల్లో 10 శాతం మన జీతంలోంచే కోస్తారు, ప్రభుత్వం అంతే కలుపుతుంది.

మరి కాంట్రాక్టు దండగా? కాదు. ఆ నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసిన కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. గిరిజన ప్రాంతాల్లో చేస్తే పాయింట్లు ఇంకాస్త ఎక్కువ. అందుకే కాంట్రాక్టులో చేరేవాళ్లు సర్వీసు సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు తీసుకుని భద్రపరుచుకోవాలి.