45 వచ్చింది అనాలా, ఎందుకొచ్చిందో వెతికించాలా?

1 నుంచి 10 వరకు సంఖ్యలు కూడమంటే, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది రేంజ్(1, 10) అని రాస్తారు. రేంజ్ చివరి సంఖ్యను కలుపుకోదు, 9 దగ్గరే ఆగిపోతుంది. అందుకే 55 రావాల్సిన చోట 45 వస్తుంది.

టెస్ట్ కేసులతో, అంటే ముందే రాసిపెట్టిన సరైన జవాబులతో పోల్చి దిద్దే ఆటోగ్రేడర్ ఆ రెండు అంకెలూ చూపించి ఊరుకుంటుంది. టెస్టులు సరిగ్గా రాసి ఉంటే అందరికీ ఒకే కొలత, జవాబు క్షణాల్లో వస్తుంది. పంచ్ కార్డుల కాలం నుంచీ, అంటే 1960 నాటికే ఉన్న పద్ధతి ఇది. కానీ తప్పెక్కడో తెలియని విద్యార్థి 10 తీసి 9 పెడతాడు, 12 పెడతాడు, చివరికి 11 తగిలి పాసవుతాడు. ఎందుకు పాసయ్యాడో మాత్రం తెలియదు. నన్ను బాధపెట్టేది ఇదే.

ఏఐ సూచన ఇంకో దారి. “లూప్ ఆఖరిసారి తిరిగినప్పుడు ఐ విలువెంత? ప్రింట్ చేసి చూడు” అంటుంది. లూప్ అంటే సంఖ్యల్ని ఒక్కొక్కటిగా కూడే భాగం, ఐ అంటే ఆ క్షణంలో కూడుతున్న సంఖ్య. తెరమీద 9 కనబడగానే చిక్కు విడిపోతుంది. అయితే అదే ఏఐ సరైన కోడ్‌లో లేని తప్పు పట్టగలదు, అడక్కుండానే మొత్తం కోడ్ రాసి ఇచ్చేయగలదు. రెండోదే ఎక్కువ నష్టం.

నేనైతే తప్పొప్పులు తేల్చే పని టెస్టులకే వదిలేస్తాను. ఫెయిలైనప్పుడు మాత్రమే సూచన, అదీ ఒకే ఒక్క ప్రశ్నగా. మార్కులు మాత్రం ఏఐ చేతికి ఇవ్వను.