పాత ఏటీవీ కొంటున్నారా? తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగితే జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, ములుగు వైపు సెకండ్ హ్యాండ్ ఏటీవీ (చేలల్లో, గతుకుల్లో నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) కోసం చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, తాళం తిప్పగానే రేడియేటర్ ఫ్యాన్ మొదలై ఆగకుండా తిరుగుతోందంటే ఆ బండి వైరింగ్‌లో ఎవరో చెయ్యి పెట్టారని అనుమానించాలి.

నర్సంపేట దగ్గర మా మామిడి తోటలో ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు మోయడానికి ఒక పాత బండి తీసుకున్నాం. అమ్మినాయన ఇలాంటి బండ్ల వ్యాపారమే చేస్తాడు. ఫ్యాన్ ఎందుకు ఆగట్లేదని మా బావమరిది అప్పుడే అడిగాడు. "మన ఎండలకు అట్లనే ఉండాలె అన్నా, ఇంజిన్ ఎప్పుడు సల్లగుంటది" అన్నాడాయన. పచ్చి అబద్ధం. కూలెంట్ వేడెక్కాక, చాలా బండ్లలో 90 నుంచి 100 డిగ్రీల మధ్య, సెన్సర్ ఆ వేడిని పసిగడితే రిలే (ఫ్యాన్‌కు కరెంట్ కలిపే స్విచ్) పడి ఫ్యాన్ తిరగాలి. వేడి తగ్గితే దానంతట అదే ఆగిపోవాలి. మా బండిలో సెన్సర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, రిలే తీసేసి, ఫ్యాన్ వైరును తాళం లైనుకు డైరెక్ట్ చేశారు. దాని మీద నల్ల టేపు చుట్టి సీటు కిందికి తోసేశారు.

డైరెక్ట్ చేస్తే నష్టమేంటని కొందరు అడుగుతారు. ఫ్యాన్ పది ఆంపియర్ల దాకా కరెంట్ లాగుతుంది. అంత కరెంట్ మోసే పని రిలేది, తాళం స్విచ్‌ది కాదు. దాన్ని తాళం మీద వేస్తే లోపలి కాంటాక్టులు మెల్లగా మాడతాయి. మా బండిలో ఇంకా ఘోరం ఏమిటంటే, ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగ పెట్టారు. లోపల వైరు షార్ట్ అయితే ఫ్యూజ్ కొట్టేసి కాపాడాలి. తీగ కొట్టేయదు, వైరింగే అంటుకుంటుంది. పక్కనే పెట్రోల్ ట్యాంకు. మా పిల్లలు కూడా ఎక్కే బండి అది. తలచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

ఎండాకాలం మొదలవగానే, దున్నిన చెలకలో బరువుతో నెమ్మదిగా పోతుంటే టెంపరేచర్ లైటు వెలిగింది. చూస్తే ఫ్యాన్ తిరగట్లేదు. వేగంగా పోయే బండికి గాలి ఎదురుగా తగులుతుంది కాబట్టి కొంత నడుస్తుంది. చెలకలో నెమ్మదిగా పోయే బండికి మాత్రం ఫ్యానే దిక్కు. అది లేకుండా నడిపితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోతుంది, హెడ్ వంగుతుంది, ఆ ఖర్చు మామూలుగా ఉండదు. మేం వెంటనే బంద్ చేసి ట్రాలీలో వేసుకొని వచ్చాం.

రెండో దెబ్బ రిపేరు షాపులో తగిలింది. ఏ మీటరూ పెట్టకుండానే "మోటార్ పోయింది" అన్నారు. కొత్త ఫ్యాన్ వేసి పైసలు తీసుకున్నారు. కొద్ది రోజులు తిరిగి అదీ ఆగింది. పాత మోటార్ మేం అడిగి తెచ్చుకోవడం మంచిదైంది. ఆటోనగర్‌లో ఒక వైరింగ్ మెకానిక్ దాన్ని నేరుగా పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది. దానికి ఏ జబ్బూ లేదు!

అసలు లోపం ఎర్త్ వైరులో, అంటే ఫ్యాన్ నుంచి కరెంట్ బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే వైరులో ఉంది. ఆయన పట్టుకున్న తీరు అందరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతున్నాను. ఫ్యాన్ కప్లర్ ఊడదీసి మీటర్ పెడితే పన్నెండు వోల్టులు చూపించింది. చాలామంది ఇక్కడే ఆగి, కరెంట్ వస్తోంది కాబట్టి మోటారే పోయిందని తేలుస్తారు. కానీ మీటర్ దాదాపు కరెంట్ లాగదు, అందుకే చిలుము పట్టిన జాయింట్ కూడా మంచిదిగానే కనిపిస్తుంది. అదే కప్లర్‌కు ఆయన హెడ్‌లైట్ బల్బు తగిలించాడు. బల్బు మిణుకుమని ఊరుకుంది. తర్వాత ఫ్యాన్ కలిపి, స్విచ్ వేసి ఉంచి, ఫ్యాన్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటర్ పెట్టాడు. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. మాకు చాలా ఎక్కువ చూపించింది. వైరు వెంట పోతే, పెయింట్ మీదే బోల్టు బిగించిన చోట పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, కొత్త లగ్ (వైరు చివర బోల్టుకు బిగించే ముక్క) వేసి, రిలే, సెన్సర్ కప్లర్, కంపెనీ చెప్పిన ఆంపియర్ల ఫ్యూజ్ తిరిగి పెట్టాడు. ఫ్యాన్ మోటార్ ఖరీదుతో పోలిస్తే ఆయన తీసుకున్నది చాలా తక్కువ.

కొనేటప్పుడు ఇంజిన్ ఆన్ చేయించి, నిలబెట్టే ఉంచి, వేడెక్కి ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగేదాకా అక్కడే ఉండండి. టైం లేదని తొందర పెడితే వచ్చేయండి. సీటు ఎత్తి ఫ్యూజ్ డబ్బా మూత తీసి చూడండి. కొత్త టేపు కనిపిస్తే విప్పమనండి. రేడియేటర్ రెక్కల్లో బురద, పత్తి దూది ఇరుక్కుంటే ఫ్యాన్ మంచిదైనా వేడి తగ్గదు, అదీ చూసుకోండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, కూలెంట్ మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

రిపేరుకు ఇస్తే ఏం మీటర్ పెట్టి చూశారో అడగండి, తీసిన సామాను వెనక్కి తెచ్చుకోండి, బిల్లు రాయించుకోండి. వ్యాపారిని నిలదీస్తే "చూస్కొనే తీస్కున్నవ్ గదా" అన్నాడు. షాపు వాళ్ల మీద మేం 1915కు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. అక్కడ ఐదు లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, పాత మోటార్, రాగి తీగ ఫొటోలు అన్నీ దాచి ఉంచాం.